పట్టికలో చెట్టు: రికర్సివ్ క్వెరీ కథ

యంత్రంలో ఏ భాగం దేనిలో ఇమిడి ఉంది, ఆఫీసులో ఎవరు ఎవరి కింద పనిచేస్తున్నారు, ఏ గ్రామం ఏ మండలంలోకి వస్తుంది: ఇలా చెట్టులా కొమ్మలు వేసే సమాచారాన్ని భద్రపరిచే వ్యవస్థలు రిలేషనల్ డేటాబేస్‌ల కన్నా ముందే వచ్చాయి. అపోలో చంద్రయాత్రకు కావలసిన అసంఖ్యాకమైన విడిభాగాల లెక్క చూడడానికి ఐబీఎం 1966లో ఐఎంఎస్ నిర్మాణం మొదలుపెట్టింది. 1968లో కాలిఫోర్నియాలోని డౌనీలో అది పనిలోకి దిగింది. అందులో ప్రతి రికార్డూ తన పై రికార్డుకు కట్టుబడి ఉండేది. ఏదైనా కావాలంటే ప్రోగ్రామర్ మొదటి నుంచి దారి పట్టుకుని ఒక్కో మెట్టూ దిగాలి. దారి మారిస్తే ప్రోగ్రామూ మార్చుకోవాలి.

ఐబీఎంలోనే పనిచేసే ఎడ్గర్ కాడ్ 1970లో ప్రచురించిన వ్యాసం ఈ బాధను తప్పించింది. సమాచారమంతా వరుసలూ కాలమ్‌లూ ఉన్న పట్టికల్లో ఉంటుంది. ఏం కావాలో అడిగితే చాలు, ఎలా వెళ్లాలో చెప్పనక్కర్లేదు. 1974లో డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ ఇదే భావనపై ఒక క్వెరీ భాషను ప్రతిపాదించారు. నేటి ఎస్‌క్యూఎల్‌కు మూలం అదే. దారులను తీసేయడమే ఈ రిలేషనల్ నమూనాకు బలం. అయితే దారి పొడవునా నడిస్తే తప్ప జవాబు దొరకని ప్రశ్నలు కొన్ని ఉన్నాయి, అవి అనాథలయ్యాయి.

అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో ఒరాకిల్ నేర్చుకున్నవారికి ఎంప్ పట్టిక కంఠతా వచ్చే ఉంటుంది. 14 మంది ఉద్యోగులు. ప్రతి వరుసలో ఉద్యోగి నంబరు, పక్కనే అతని మేనేజర్ నంబరు. 7839 నంబరు కింగ్‌కు పైవారెవరూ లేరు కనుక ఆ గడి ఖాళీ. కింగ్ కింద నేరుగా ఎవరున్నారంటే జోన్స్, బ్లేక్, క్లార్క్ అని సులువుగా తేలుతుంది. వారి కింది వారు కావాలంటే పట్టికను దానితోనే మరోసారి జాయిన్ చేయాలి. ఇంకో మెట్టుకు ఇంకో జాయిన్. చెట్టు ఎంత లోతుందో తెలియనప్పుడు ఎన్ని జాయిన్లు రాసినా చాలవు. ఇది ప్రోగ్రామర్ల చేతకానితనం కాదు. రిలేషనల్ ఆల్జీబ్రాలో ఈ ప్రశ్నను అసలు వ్యక్తం చేయలేమని ఆల్ఫ్రెడ్ ఆహో, జెఫ్రీ ఉల్‌మన్ 1979లో నిరూపించారు.

ఒరాకిల్ దీనికి కనెక్ట్ బై అనే సొంత మార్గం వేసుకుంది. ఎక్కడ మొదలుపెట్టాలో, తల్లి వరుసకూ పిల్ల వరుసకూ లంకె ఏమిటో చెబితే చెట్టంతా తిరిగి, ఎవరు ఎన్నో మెట్టులో ఉన్నారో లెవెల్ అనే అంకెతో సహా ఇస్తుంది. ఇప్పటికీ చాలామంది చేతికి ముందు వచ్చేది ఇదే. కానీ అది ఒక్క కంపెనీ మాండలికం.

ఆ సౌకర్యం లేనివారికి జో సెల్కో 1990లలో విస్తృతంగా ప్రచారం చేసిన నెస్టెడ్ సెట్ పద్ధతి ఆసరా అయింది. ఎంప్ చెట్టు చుట్టూ అంచు వెంట నడుస్తూ, ప్రతి ఉద్యోగిని చేరినప్పుడు ఒక అంకె, వదిలినప్పుడు ఒక అంకె వేస్తే కింగ్‌కు 1, 28 వస్తాయి. జోన్స్‌కు 2, 11. ఎడమ అంకె 2కీ 11కీ మధ్య ఉన్నవారంతా జోన్స్ కింది వారే: స్కాట్, ఆడమ్స్, ఫోర్డ్, స్మిత్. ఎంత లోతైన చెట్టుకైనా ఒక్క పోలిక చాలు. చాలా అందమైన ఆలోచన ఇది. మూల్యం మాత్రం కొత్తవారిని చేర్చేటప్పుడు తెలుస్తుంది: జోన్స్ కింద ఒకరు చేరితే ఆ తర్వాతి అంకెలన్నీ జరగాలి.

ప్రామాణిక పరిష్కారం ఎస్‌క్యూఎల్ 1999 ప్రమాణంతో వచ్చింది. విత్ రికర్సివ్ అని మొదలయ్యే ఈ క్వెరీకి రెండు భాగాలు. మొదటిది వేరును పట్టుకుంటుంది. రెండోది, అప్పుడే దొరికిన వరుసలకు పిల్లలను వెతుకుతుంది. ఎంప్ పట్టికపై నడిపితే మొదట కింగ్ ఒక్కడే. తర్వాత ముగ్గురు, ఆపైన ఎనిమిది మంది, ఆపైన ఆడమ్స్, స్మిత్. ఐదోసారి కొత్తవారెవరూ దొరకరు, క్వెరీ ఆగుతుంది. లోతు ముందుగా తెలియాల్సిన పని లేదు. ఆగడానికి కొత్త వరుస రాకపోవడమే గుర్తు.

ప్రమాణం వచ్చినా అన్నిచోట్లా అందడానికి చాలా ఏళ్లు పట్టింది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోకి 2005 వెర్షన్‌తో, పోస్ట్‌గ్రెస్‌లోకి 2009లో వచ్చింది. అదే ఏడాది ఒరాకిల్ కూడా తన 11జీ రెండో విడుదలలో చేర్చుకుంది. ఎస్‌క్యూలైట్‌కు 2014లో, మైఎస్‌క్యూఎల్‌కు 2018లో 8.0 వెర్షన్‌తో దక్కింది.

ఒక ప్రమాదం మాత్రం మిగిలే ఉంది. పొరపాటున కింగ్ మేనేజర్ గడిలో స్మిత్ నంబరు పడితే చెట్టు కాస్తా వలయమై, కింగ్ నంబరుతో మొదలుపెట్టిన క్వెరీ తిరుగుతూనే ఉంటుంది. క్వెరీ రెండు భాగాలను కలిపే యూనియన్ ఆల్ బదులు యూనియన్ వాడితే పాత వరుసలు రాలిపోతాయి. కానీ మెట్టు అంకెను కూడా వెంట తెచ్చుకుంటుంటే ప్రతి వరుసా కొత్తదిగానే కనిపిస్తుంది కనుక ఆ ఉపాయం పారదు. అందుకే నడిచిన దారిని ఒక కాలమ్‌లో రాసుకుంటూ, అందులో ఇప్పటికే ఉన్న నంబరును మళ్లీ తొక్కకుండా చూస్తారు. పోస్ట్‌గ్రెస్ 14లో వచ్చిన సైకిల్ క్లాజు ఈ పనిని తనే చేసిపెడుతుంది. అదీ లేనిచోట గరిష్ఠ పరిమితి కాపాడుతుంది: మామూలుగా ఎస్‌క్యూఎల్ సర్వర్ 100 మెట్లు, మైఎస్‌క్యూఎల్ 1000 మెట్లు దాటగానే క్వెరీని తప్పుగా ప్రకటించి ఆపేస్తాయి.