సముద్రం దాటే జ్ఞాపికలు

కొవ్వొత్తి అనే మాటలో కొవ్వు మిగిలి ఉన్నది గాని, నేడు అంగళ్ళలో దొరికేది చాలావరకు పెట్రోలియం నుండి తీసిన పారఫిన్ మైనమే. ఉద్యోగార్థం జిద్దాకో కువైట్‌కో కుటుంబసమేతంగా తరలిపోయే మన హైదరాబాదువారు సామాను కట్టేటప్పుడు వస్తువులు పగులుతాయని భయపడతారు. వేడిమి మాట తలపెట్టరు. మెహందీ నాటి అలంకృతమైన కొవ్వొత్తులకు, లాడ్‌బజారు లక్కగాజులకు అసలు శత్రువు ఆ వేడిమియే.

పారఫిన్ రకాన్ని బట్టి సుమారు 50 నుండి 65 డిగ్రీల సెల్సియస్ మధ్య కరుగుతుంది. అంతకు చాలా ముందే మెత్తబడి వంగిపోతుంది. 2016 జూలైలో కువైట్‌లోని మిత్రిబా అనే చోట నీడలోని గాలియే 53.9 డిగ్రీలకు చేరింది. ఇక ఎండలో నిలిచిన ఇనుప కంటెయినరు లోపలి సంగతి, అందులోనూ పైకప్పు దగ్గరి సంగతి వేరే చెప్పాలా! లక్క మరికొంత ఓర్చుకుంటుంది. అదీ మెత్తబడితే పొదిగిన అద్దాలూ రాళ్ళూ జారిపోతాయి. కనుక సామాను శీతకాలంలో చేరేటట్లు పంపడం మొదటి జాగ్రత్త. కొవ్వొత్తులను పలుచని తెల్లకాగితంలో, ఆపైన మెత్తని గుడ్డలో చుట్టి, పడుకోబెట్టి, సామాను అడుగున ఉంచాలి. వార్తాపత్రికలో చుడితే సిరా అంటుతుంది. గాలిబుడగల ప్లాస్టిక్ నేరుగా తగిలితే మైనంపై దాని అచ్చు పడుతుంది.

బిద్రీ పాత్ర చూపులకు దృఢమైనది. కాని అందులో అధికభాగం జింకు కనుక క్రిందపడితే చిట్లుతుంది, తేమకు చెడుతుంది. పగటి వేడి, రాత్రి చల్లదనం వల్ల కంటెయినరు కప్పుకు నీరు పట్టి చినుకులుగా రాలుతుంది. సిలికాజెల్ పొట్లాలు తప్పనిసరి. బీదరుకోట మన్ను తెచ్చిన ఆ నలుపును పాలిష్‌తో రుద్దరాదు.

చట్టం కూడ ఒకటి ఉన్నది. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం, చారిత్రక సాహిత్య కళావిలువ గల వ్రాతప్రతికి 75 ఏళ్ళు, ఇతర కళావస్తువులకు 100 ఏళ్ళు నిండితే అవి పురావస్తువులు. వాటిని దేశం దాటించే అధికారం ప్రైవేటు వ్యక్తులకు లేదు. తాతగారి చేతివ్రాత ఖురాన్ ప్రతిని ఎంత భక్తితో తీసుకుపోయినా చట్టం దృష్టిలో అది ఎగుమతియే. సందేహముంటే భారత పురావస్తుశాఖ వారికి ముందే చూపి ధ్రువపత్రం పొందాలి.

బీమా మాట కొందరు ఎత్తుతారు. బీమా ఇచ్చేది వస్తువు వెల మాత్రమే. వేడికి మైనం సహజంగా కరిగితే సాధారణంగా అదీ ఇవ్వదు. అమ్మీజాన్ తొడిగిన గాజుల జతకు వెల ఎవరు కడతారు? అటువంటి దానిని చేతిసంచిలో ఉంచుకొని విమానంలో తీసుకుపోవడం ఉత్తమం. వీలుకాకుంటే ఇక్కడే ఆపా ఇంటి బీరువాలో వదలిపోవడం మేలు.