ఐప్టేసియాకి మేత, బెర్గియాకి ఐప్టేసియా

వయ్యారిభామ మొక్క మీకు తెలిసే ఉంటుంది. కొన్ని వైపుల కాంగ్రెస్ గడ్డి అంటారు. పేరు వింటే నాటకంలో నాయికలా ఉంటుంది, చూస్తే చిన్నచిన్న తెల్లపూలతో ముచ్చటగానే ఉంటుంది, చేలోకి వచ్చిందంటే మాత్రం రైతుకి ఒళ్ళు మండుతుంది, నిజంగానే దద్దుర్లు లేచి మండుతుంది. 1950ల్లో పుణె దగ్గర కనబడిన ఆ మొక్క దేశమంతా పాకింది. ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టుకుని పగడాలు పెంచేవాళ్ళకి కూడా అలాంటి వయ్యారిభామ ఒకటుంది. దాని పేరు ఐప్టేసియా.

ఇది మొక్క కాదు, జంతువు. సీ ఎనిమోన్లలో ఒక రకం. రాయికి అంటుకుని, పైన సన్నటి చేతులు చాపుకుని, లేత గోధుమరంగులో బొమ్మ కొబ్బరిచెట్టులా నిలబడి ఉంటుంది. కొత్తవాళ్ళు చూసి "అబ్బ, రాయి మీద పువ్వు పూసింది" అని సంబరపడతారు. లైవ్ రాక్ సందుల్లోనో, కొనుక్కొచ్చిన పగడపు ముక్క అడుగునో దాక్కుని టిక్కెట్ లేకుండా మన ట్యాంక్‌లోకి వచ్చేస్తుంది. ఆ చేతుల నిండా కుట్టే కణాలుంటాయి. పక్కనున్న పగడాన్ని కుట్టి కుట్టి వెనక్కి నెట్టి, ఆ చోటు తను తీసుకుంటుంది.

పీకేస్తే పోదా అంటారా? పోదు. పాదం దగ్గర చిన్న తునక మిగిలినా చాలు, అది మరో ఐప్టేసియాగా ఎదుగుతుంది. ఎవరూ ముట్టుకోకపోయినా కూడా, కదిలినప్పుడల్లా పాదం నుంచి తునకలు వదులుతూ పోతుంది, ప్రతి తునకా ఒక పిల్ల అవుతుంది. బ్లేడుతో గీకినవాడు ఒక్క శత్రువుని పది చేసుకున్నట్టే. అందుకే చాలామంది సిరంజితో సున్నపు ముద్ద ఎక్కిస్తారు. అవును, మన కిళ్ళీలో రాసే సున్నమే, కాల్షియం హైడ్రాక్సైడ్. నోట్లో పడితే ఐప్టేసియా చస్తుంది. కానీ అది కంటికి కనబడేవాటికే పనికొచ్చే వైద్యం. రాళ్ళ వెనక, పంపు గొట్టాల్లో, అడుగున చీకట్లో ఉన్నవాటికి సిరంజి అందదు. పైగా ఒకేసారి ఎక్కువ సున్నం పోస్తే నీటి పీహెచ్ అమాంతం పెరిగి, కాపాడాలనుకున్న పగడాలకే ప్రాణం మీదికి వస్తుంది.

మా ఇంట్లో ఉన్నది 75 గ్యాలన్ల ట్యాంక్. అంటే 280 లీటర్ల పైచిలుకు నీళ్ళు, అందులో సుమారు పది కిలోల ఉప్పు. ఏడాదిన్నర కిందట దాని కుడివైపు రాళ్ళ మీద ఐప్టేసియాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను, అరవై దాటాక మానేశాను. ఆదివారం ఫోన్‌లో మా నాన్నకి ఈ గోడు చెప్పుకుంటే, "మందు కొట్టే కొద్దీ అది ముదురుతుందిరా. పురుగు మీదికి పురుగునే తోలాలి" అన్నాడు. ఆయన చెరకు తోటలో ట్రైకోగ్రామా కార్డులు కట్టిన మనిషి. కంటికి సరిగ్గా ఆనని ఆ బుల్లి కందిరీగలు చెరకు తొలిచే పురుగు గుడ్లలో తమ గుడ్లు పెడతాయి. పురుగు పుట్టకముందే పోతుంది.

నాన్న చెప్పిన పద్ధతికి అమెరికాలో పాత చరిత్రే ఉంది. 1880ల్లో కాలిఫోర్నియా నారింజ, నిమ్మ తోటల్ని పత్తిలా తెల్లగా కప్పేసే ఒక పొలుసు పురుగు నాశనం చేస్తుంటే, ఆల్బర్ట్ కీబెలె అనే ప్రభుత్వ కీటక శాస్త్రవేత్తని ఆస్ట్రేలియా పంపించారు. ఆయన 1888-89లో అక్కడి నుంచి వెడాలియా అనే చిన్న ఎర్రటి అక్షింతల పురుగుని పంపితే, అది ఏడాది రెండేళ్ళలో తోటల్ని కాపాడింది. మన వయ్యారిభామ మీదికి కూడా 1980ల్లో మెక్సికో నుంచి ఒక పెంకు పురుగుని తెచ్చి వదిలారు. ఇవన్నీ మంచి కథలు. చెడ్డ కథ కూడా ఒకటి గుర్తుంచుకోవాలి. చెరకు పురుగుల్ని తింటుందని 1935లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌కి తెచ్చిన కప్ప, ఆ పురుగుల్ని వదిలేసి దొరికినదల్లా తింటూ తనే పెద్ద బెడద అయి కూర్చుంది. తెచ్చే ముందు చూడాల్సింది అది ఎంత తింటుందని కాదు, ఇంకేం తింటుందని.

ఆ పరీక్షలో నూటికి నూరు మార్కులు తెచ్చుకునే జీవి బెర్గియా. ఇది సముద్రంలో ఉండే గుల్ల లేని నత్త. రెండు మూడు సెంటీమీటర్లకి మించి పెరగదు. వీపు నిండా వెంట్రుకల్లాంటి మెత్తటి వేళ్ళుంటాయి. ఐప్టేసియా తప్ప ఇంకేమీ తినదు. పగడం పక్కన పెట్టినా ముట్టదు, ఆకలితో చస్తుంది గానీ మెనూ మార్చుకోదు. ఇంకో చిత్రం ఏమిటంటే, ఐప్టేసియాని తినేటప్పుడు దాని కుట్టే కణాల్ని కొన్నిటిని అరిగించుకోకుండా దాచి, తన వీపు మీది వేళ్ళ కొసల్లోకి చేర్చుకుంటుంది. శత్రువు దగ్గర గుంజుకున్న ఆయుధంతోనే తన కాపలా.

పేరు వెనకా కొంత కథ ఉంది. రుడాల్ఫ్ బెర్గ్ అని పందొమ్మిదో శతాబ్దంలో కోపెన్‌హాగన్‌లో ఒక డాక్టరు ఉండేవాడు. వృత్తి సుఖవ్యాధుల వైద్యం, వ్యాపకం సముద్రపు నత్తలు. ఆయన పేరుమీద 1877లో ఈ ప్రజాతికి బెర్గియా అని పేరు పెట్టారు. అమెరికాలో దొరికే రకాన్ని చాలాకాలం వేరే జాతి పేరుతో పిలిచారు. 2005లో ఏంజెల్ వాల్డెస్ ఇది వేరే జాతి అని తేల్చి స్టెఫనీయే అని పేరు పెట్టాడు, ఇప్పుడు దీన్ని బెర్గియా స్టెఫనీయే అంటారు. ఫ్లోరిడా దీని సొంతూరు. అంతకుముందే, 1990లో, అలబామాలోని ఆబర్న్ విశ్వవిద్యాలయం నుంచి కారల్, కెంఫ్ ఇద్దరూ దీన్ని లాబ్‌లో గుడ్డు నుంచి గుడ్డు దాకా ఎలా పెంచవచ్చో రాసి ప్రచురించారు. ఇవాళ ఇళ్ళల్లో, గరాజుల్లో బెర్గియాల్ని పెంచేవాళ్ళు వాడే పద్ధతులకి ఆ పేపరే తాతగారు.

పెంచడం పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. ప్రతి బెర్గియా ఆడా మగా రెండూను. ఏ రెండు కలిసినా రెండూ గుడ్లు పెట్టగలవు, పెళ్ళిచూపుల బాధ లేదు. గుడ్లు తెల్లటి జిలేబీ చుట్టలా గాజుకి అంటించి పోతాయి. ఒక్కో చుట్టలో వందల గుడ్లు. ఆ చుట్టని సుతారంగా ఊడదీసి, శుభ్రమైన ఉప్పునీళ్ళున్న చిన్న గిన్నెలో వేసి, నీళ్ళు మారుస్తూ ఉంటే పది, పదిహేను రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. రవ్వంత తెల్లటి చుక్కలు, భూతద్దం పెట్టుకుని వెతకాలి. చాలా సముద్రజీవుల పిల్లల్లాగా వీటికి వారాల తరబడి నీళ్ళలో తేలుతూ తినే దశ లేదు. అందుకే ఇంట్లో పెంచడం సాధ్యమవుతుంది. రెండు నెలల్లో అవే గుడ్లు పెట్టే ఈడుకి వస్తాయి.

మరి చిక్కెక్కడ? మేతలో. బెర్గియా ఐప్టేసియా తప్ప తినదు అన్నాం కదా. కాబట్టి బెర్గియాల్ని పెంచాలంటే ముందు ఐప్టేసియాల్ని పెంచాలి. పెద్ద బెర్గియా రోజుకొక ఐప్టేసియా తింటుందనుకున్నా, ఇరవై బెర్గియాలకి వారానికి 140 కావాలి. ప్రధాన ట్యాంక్‌లో ఒక్కటి కనబడితే పళ్ళు నూరే మనిషి, బేస్‌మెంట్‌లో వేరే తొట్టి పెట్టి, లైటు పెట్టి, వేడి చూసి, రోజూ ఆర్టీమియా పిల్లల్ని పొదిగించి అదే ఐప్టేసియాకి భోజనం వడ్డించాలి. ఆర్టీమియా అంటే కోస్తా జిల్లాల్లో రొయ్యపిల్లల హేచరీల గురించి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. యూటాలోని గ్రేట్ సాల్ట్ లేక్ నుంచి డబ్బాల్లో ప్రపంచమంతా వెళ్ళే గుడ్లు అవి. మా ఆవిడ ఈ ఏర్పాటంతా చూసి, "కలుపు తీసే కూలీకి అన్నం పెట్టడానికి, మీరు కలుపే సాగు చేస్తున్నారన్నమాట" అంది. అంతకన్నా క్లుప్తంగా నేను చెప్పలేను.

ఈ లెక్కని కాగితం మీద పెట్టినవాళ్ళున్నారు. 1925లో అమెరికాలో ఆల్ఫ్రెడ్ లోట్కా, 1926లో ఇటలీలో వీటో వోల్టెర్రా, వేటాడే జీవి, వేటకి దొరికే జీవి సంఖ్యలు ఒకదాని వెనక ఒకటి అలల్లా పెరిగి తరుగుతాయని సమీకరణాలు రాశారు. బావుంది. కానీ కాగితం మీది అల గాజు తొట్టిలో సాగుతుందా? 1958లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన హఫేకర్ నారింజ పళ్ళ మీద రెండు రకాల నల్లుల్ని వదిలి చూశాడు, ఒకటి పండుని తినేది, ఇంకొకటి ఆ నల్లిని తినేది. పళ్ళు దగ్గరదగ్గరగా ఉన్నప్పుడు వేటగాడు మొత్తం తినేసి, తర్వాత తనూ మాడి చచ్చాడు. మధ్యలో వేజలీన్ అడ్డుకట్టలు వేసి, తప్పించుకునే దారులు పెట్టినప్పుడే అల కొన్నిసార్లు తిరిగింది. సముద్రంలో ఐప్టేసియాకి అలా పారిపోయే చోటుంది, అందుకే బెర్గియా కూడా మిగిలింది. నాలుగు గాజు పలకల మధ్య ఆ చోటు లేదు. ట్యాంక్‌లో మనం కోరుకునే గెలుపు, బెర్గియాకి కరువు.

మొదలుపెట్టాలనుకునేవాళ్ళకి నా అనుభవంలోంచి కొన్ని మాటలు. ఒక్కోటి ఇరవై డాలర్లకి అటూ ఇటూగా ఉంటుంది కాబట్టి ముందు ట్యాంక్‌లో ఎవరున్నారో చూసుకోండి. రాస్ జాతి చేపల్లో కొన్నీ, పెప్పర్‌మింట్ రొయ్యలూ మీ ఇరవై డాలర్లని ఒక్క గుటకలో మింగేస్తాయి. వదిలేది రాత్రి, లైట్లు ఆపాక. పంపులు కాసేపు ఆపి, ఐప్టేసియాల గుంపు పక్కనే నాలుగైదింటిని కలిపి వదలాలి. విడివిడిగా చల్లితే ఒకదానికొకటి తారసపడవు, గుడ్లు పెట్టవు. రాగి ఉన్న మందులు ఎప్పుడూ వాడకూడదు. తర్వాత మరిచిపోవాలి. అవి రాత్రి పని చేసి పగలు దాక్కునే రకం. నెలన్నర దాకా నాకు ఒక్కటీ కనబడలేదు, ఐప్టేసియాలూ తగ్గలేదు. మూడో నెలలో కుడివైపు రాళ్ళు బోసిగా కనబడ్డాయి. నాలుగో నెల దాటేసరికి వెతికి చూపించాల్సి వచ్చింది.

ఇప్పుడు ఐప్టేసియా గురించి కూడా ఒక మంచి మాట చెప్పాలి. మనకి కలుపు అయిన ఇది లాబుల్లో మహారాణి. పగడంలాగే దీని ఒంట్లోనూ సూక్ష్మమైన నాచు కణాలు కాపురముంటాయి. ఎండ నుంచి ఆహారం చేసి ఇంటివాడికి పంచుతాయి. సముద్రం వేడెక్కినప్పుడు ఈ కాపురం చెడి, నాచు వెళ్ళిపోయి, పగడం తెల్లబోతుంది. ఎందుకు చెడుతుందో పగడాల మీద పరిశోధించడం కష్టం, అవి నెమ్మదిగా పెరుగుతాయి, తొందరగా చస్తాయి. ఐప్టేసియా తొందరగా పెరుగుతుంది, చావదు. అందుకే స్టాన్‌ఫర్డ్‌లోనూ, ఒరెగాన్ స్టేట్‌లోనూ దాని మీద పనిచేశారు. 2015లో దాని జన్యుపటం ప్రచురించారు. బెర్గియా వైపూ శాస్త్రవేత్తలున్నారు. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం ఆమ్‌హర్స్ట్‌లో దాని చిన్న మెదడుని ఒక్కొక్క నాడీకణంగా చదువుతున్నారు.

మీ ట్యాంక్‌లో చివరి ఐప్టేసియా కనుమరుగయ్యే ముందే చేయాల్సిన పని ఒకటుంది. బెర్గియాలకి తర్వాతి ఇల్లు చూడటం. ఇక్కడి రీఫ్ క్లబ్బుల్లో ఇది మామూలే. రాత్రి పదకొండింటికి టార్చి వేసుకుని, డ్రాపర్‌తో ఒక్కోదాన్నీ పట్టి, ప్లాస్టిక్ డబ్బాలో నీళ్ళతో పెట్టి, ఐప్టేసియా బాధ ఇంకా తీరనివాళ్ళకి అందిస్తారు. మా ట్యాంక్ నుంచి తొమ్మిది దొరికాయి. అవి నలభై మైళ్ళ దూరంలో ఒక తమిళాయన ఇంటికి వెళ్ళాయి. ఆయన డబ్బులివ్వబోతే వద్దని, పని అయ్యాక ఇంకొకరికి ఇమ్మన్నాను. బేస్‌మెంట్‌లోని తొట్టి మాత్రం తీసేయలేదు. రెండు పాత బెర్గియాలు, ఒక జిలేబీ చుట్ట, వాటి కోసం రోజూ మేత తింటున్న ముప్పై ఐప్టేసియాలు అందులో ఉన్నాయి. సిరంజి అటు వెళ్ళదు.