పాతనగరంలో హెచ్‌ఐవి పరీక్ష: జాబితా, సమ్మతి, భాష

వ్యాససంగ్రహం

హెచ్‌ఐవి నివారణకు పరీక్ష తొలిమెట్టు. ఆ పరీక్ష స్వచ్ఛందంగా జరగాలన్నది భారతదేశ విధానం. హైదరాబాదు పాతనగరంలో రాజ్యం కొందరి పేర్లను జాబితాకెక్కించిన తీరును, మరికొందరిని ఉన్నచోటు నుండి తొలగించిన తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది. అవి ఈ స్వచ్ఛందతకు ఎలా అడ్డుపడతాయో, 2017 నాటి చట్టం సమ్మతికి ఇచ్చిన నిర్వచనంలో భాషకు ఏ స్థానముందో వివరిస్తుంది.

కీలకపదాలు: హెచ్‌ఐవి, స్వచ్ఛంద పరీక్ష, సమ్మతి, గోప్యత, పాతనగరం, దక్కనీ.

1. ప్రవేశిక

భారతదేశంలో హెచ్‌ఐవి ఉనికి 1986లో మద్రాసులో తొలిసారి నిర్ధారణ అయింది. డాక్టర్ సునీతి సాలమన్ పర్యవేక్షణలో పరిశోధక విద్యార్థిని సెల్లప్పన్ నిర్మల సేకరించిన రక్తనమూనాలలో అది బయటపడింది. ఆ నమూనాలు ప్రభుత్వ నిర్బంధగృహంలో ఉన్న స్త్రీలవి. వైద్యశాస్త్ర చరిత్రలో ఇది గొప్ప ఘట్టమే. అయితే నిర్బంధంలో ఉన్నవారు ‘వద్దు’ అనగలిగే స్థితిలో ఉంటారా అన్న ప్రశ్న కూడా ఆనాడే పుట్టింది. తరువాత రూపొందిన విధానాలన్నీ ఏదో ఒక రూపంలో ఈ ప్రశ్నకు సమాధానం వెతికినవే.

జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) 1992లో ఏర్పడింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొదటినుండీ వ్యాప్తి అధికంగా ఉన్న ఆరు రాష్ట్రాలలో ఒకటి. 2004 ఏప్రిల్‌లో ఉచిత ఏఆర్‌టి చికిత్స మొదలైనది ఈ రాష్ట్రాలను దృష్టిలో ఉంచుకొనే. నాకో 2021 అంచనాల ప్రకారం వయోజనులలో హెచ్‌ఐవి వ్యాప్తి దేశంలో 0.21 శాతం కాగా, తెలంగాణలో 0.47 శాతం. జాతీయ సగటుకు ఇది రెట్టింపును మించినది.

2. పరీక్షావిధానం

ప్రభుత్వ ఐసిటిసి కేంద్రంలో పరీక్షకు ముందు సలహాదారు వ్యక్తితో ఏకాంతంగా మాట్లాడి, సమ్మతి తీసుకుంటారు. మొదటి పరీక్షలో ప్రతిచర్య లేకపోతే ఫలితం నెగెటివ్. ప్రతిచర్య కనిపిస్తే వేరువేరు కిట్లతో మరో రెండు పరీక్షలు చేస్తారు. మూడింటిలోనూ ప్రతిచర్య కనిపించినప్పుడే పాజిటివ్‌గా నిర్ధారిస్తారు. వైరస్ ప్రవేశించిన తొలి వారాలలో పరీక్షకు చిక్కకపోవచ్చు. అందువల్ల ఇటీవలి ప్రమాదావకాశం ఉన్నవారిని మళ్ళీ రమ్మంటారు. 2017 నుండి, రోగనిరోధక కణాల సంఖ్యతో నిమిత్తం లేకుండా, పాజిటివ్ అని తేలిన ప్రతి ఒక్కరికీ చికిత్స ఇస్తున్నారు. క్రమం తప్పక మందులు వాడి, రక్తంలో వైరస్ పరీక్షకు అందనంత తగ్గినవారి నుండి లైంగికంగా అది సోకదు. కాబట్టి పరీక్ష నేడు రోగనిర్ధారణ మాత్రమే కాదు, నివారణ కూడా. ఈ క్రమమంతా సాగాలంటే మనిషి తనంతట తాను లోపలికి రావాలి. తన పేరు చెప్పాలి. చిక్కంతా ఆ పేరు దగ్గరే ఉంది.

3. జాబితాల జ్ఞాపకం

నిజాం పాలనలో 1329 ఫసలీలో, అనగా క్రీ.శ. 1919లో, హైదరాబాదులో హిజ్రాల నమోదుకు ఒక చట్టం వచ్చింది. బాలుర అపహరణ, ‘అసహజ నేరాలు’ చేస్తున్నారని అనుమానించదగిన హిజ్రాల పేర్లు, నివాసాలు ఒక రిజిస్టరులో ఎక్కించాలని అది నిర్దేశించింది. అలా నమోదైన వ్యక్తి స్త్రీ వేషంలో వీధిలో కనిపించినా, ఆడినా, పాడినా వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. రాజ్యం మారింది, రాష్ట్రం రెండుసార్లు మారింది. చట్టం మాత్రం ‘తెలంగాణ ప్రాంత’ చట్టమన్న పేరుతో కొనసాగింది. 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు దానిని రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసింది. ఆ తీర్పు వెలువడిన భవనం మూసీ దక్షిణపు ఒడ్డున, పాతనగరపు అంచునే ఉండటం యాదృచ్ఛికమే కావచ్చు.

హెచ్‌ఐవి నివారణ కార్యక్రమం హిజ్రాలను, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను ప్రధాన లక్ష్యవర్గంగా గుర్తించింది. అంటే వారి పేర్లు మరల నమోదు కావాలి. ఆరోగ్యకార్యకర్త చేతిలోని పుస్తకానికీ, పోలీసు రిజిస్టరుకూ ఉద్దేశంలో పోలికే లేదు. కానీ ఒక శతాబ్దంపాటు ‘పేరు రాయించుకోవడం’ అంటే పట్టుబడడమే అయినచోట ఈ భేదాన్ని కరపత్రం వివరించలేదు. కాలమే వివరించాలి, లేదా ఆ సమాజం నుండి వచ్చిన మనిషే వివరించాలి. 2021లో నారాయణగూడలో ట్రాన్స్‌జెండర్ సిబ్బందితో మొదలైన ‘మిత్ర్’ క్లినిక్ ఈ రెండవ మార్గాన్ని చూపింది. 2025 ఆరంభంలో అమెరికా ప్రభుత్వ సాయం ఆగడంతో అది మూతపడి, తరువాత వేరే దాతల అండతో మరో పేరున తెరుచుకుంది. నమ్మకం వంటిదాన్ని పరాయి దేశపు బడ్జెటు మీద నిలపడం ఎంత అస్థిరమో దీనివల్ల తెలిసింది.

4. చోటు చెదరడం

పాతనగరంలోని ‘మెహబూబ్ కీ మెహందీ’ని 1996లో ఖాళీ చేయించారు. అక్కడి వేశ్యావాటికల్లోని స్త్రీలు ఒక్కసారిగా నిరాశ్రయులయ్యారు. ఖాళీ అయిన ఒక ఇంటిలో వారి పిల్లలకోసం పెట్టిన బడితోనే సునీతా కృష్ణన్, బ్రదర్ జోస్ వెట్టికాటిల్‌ల ‘ప్రజ్వల’ సంస్థ ఆరంభమైంది. అక్రమ రవాణా దృష్టితో చూస్తే ఈ కథ ఒక తీరుగా, ప్రజారోగ్య దృష్టితో చూస్తే మరొక తీరుగా కనిపిస్తుంది. బలవంతాన తెచ్చిన బాలికలకు ఆ వాడ చెరసాలే. దానిని నిలుపుకోవలసిందని ఎవరూ అనలేరు. అయితే నివారణ కార్యక్రమం మనుషులను చేరేది చోటు ద్వారానే. నిరోధ్ పంచాలన్నా, పరీక్షకు తోడ్కొని పోవాలన్నా, మూడు నెలల తరువాత మళ్ళీ కలవాలన్నా చిరునామా కావాలి. చిరునామా చెరిగితే ఆ స్త్రీలు అద్దె ఇళ్ళలోకి, వీధులలోకి చెదిరిపోతారు. వృత్తి ఆగదు, కనిపించడం మాత్రం ఆగిపోతుంది.

దీనికి చట్టంలోనే ఒక వైరుధ్యముంది. 1956 నాటి వ్యభిచార నిరోధక చట్టం అటువంటి స్త్రీని ఒక ప్రాంతం నుండి తొలగించే అధికారాన్ని మెజిస్ట్రేటుకిచ్చింది. అదే ప్రభుత్వపు ఆరోగ్యశాఖ ఆమెను అదేచోట వెతుకుతుంది. సంచిలో నిరోధ్ ఉండడాన్ని నేరానికి సాక్ష్యంగా చూడరాదని సుప్రీంకోర్టు 2022 మే నెలలో స్పష్టంగా ఆదేశించవలసి వచ్చిందంటే, అంతవరకూ ఒక శాఖ పంచినదాన్ని మరో శాఖ పట్టుకొంటూ వచ్చిందన్నమాట.

5. గర్భిణి సమ్మతి

పేట్లబుర్జు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి పాతనగరపు పేద స్త్రీలకు పెద్ద దిక్కు. ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రులలో గర్భిణులందరికీ హెచ్‌ఐవి పరీక్ష చేయించుకొమ్మని సూచిస్తారు, వద్దంటే మానేయవచ్చు. బిడ్డకు సోకకుండా ఆపగల మందులు ఉన్నందువల్ల దీని ప్రయోజనం ప్రశ్నించరానిది. కానీ కిక్కిరిసిన వరుసలో, పక్కన అత్త నిలుచున్నప్పుడు, ‘వద్దు’ అనే హక్కు మౌనంలో కలిసిపోతుంది. పైగా భర్తకంటే ముందు ఆమెకే పరీక్ష జరుగుతుంది. సోకినది అతని నుండే అయినా ఇంట్లో మొదట బయటపడే పేరు ఆమెది, నింద కూడా ఆమెదే.

చట్టం ఈ సంగతిని ఆలస్యంగా గుర్తించింది. హెచ్‌ఐవి ఉన్న వ్యక్తి వివాహహక్కు నిలిచిపోతుందని 1998లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో వ్యాఖ్యానించింది. ఆ వ్యాఖ్యలు అవసరం లేనివని 2002లో తానే సవరించింది. 2018 సెప్టెంబరు 10న అమలులోకి వచ్చిన హెచ్‌ఐవి, ఎయిడ్స్ (నివారణ, నియంత్రణ) చట్టం, 2017 మరింత జాగ్రత్తగా నడిచింది. రోగి తనకై తాను భాగస్వామికి చెప్పకపోతే, ముందుగా సలహా ఇచ్చి, తన ఉద్దేశం తెలియజేసిన తరువాతనే వైద్యుడు గాని సలహాదారు గాని ఆ విషయం వెల్లడించవచ్చు. అయితే హింసకు గాని, పరిత్యాగానికి గాని గురవుతారన్న సహేతుకమైన భయముంటే, ముఖ్యంగా స్త్రీల విషయంలో, వెల్లడించరాదు. ఒక స్త్రీ భయాన్ని చట్టం తగిన కారణంగా అంగీకరించడం అరుదైన విషయం.

6. ఏ భాషలో?

2000ల తొలి సంవత్సరాలలో రాష్ట్రమంతటా గోడలపై ‘పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?’ అన్న ప్రశ్న కనిపించింది. జనం నోళ్ళలో నానింది, హాస్యమైంది, తిట్టు కూడా అయింది. ప్రచారంగా అది అసాధారణ విజయం. కాని అది తెలుగు ప్రశ్న, మగవాడి ప్రశ్న. దక్కనీ మాట్లాడే గృహిణికి అందులో చోటు లేదు.

2017 చట్టం సమ్మతిని నిర్వచిస్తూ, బలవంతం, బెదిరింపు, మోసం లేకుండా ఇచ్చినదై ఉండాలని చెప్పి ఊరుకోలేదు. పరీక్షవల్ల కలిగే లాభనష్టాలను ఆ వ్యక్తికి అర్థమయ్యే భాషలో, అర్థమయ్యే రీతిలో తెలిపిన తరువాత ఇచ్చినదై ఉండాలని కూడా చెప్పింది. వైద్యచట్టంలో ఇంతగా భాషావిషయం ఇమిడి ఉండటం తెలుగు అధ్యయనరంగం గమనించదగినది. ‘సమ్మతి’ అన్న తత్సమం పాతనగరంలో వినిపించే మాట కాదు. ‘రజామందీ’ అంటే తెలుస్తుంది, కాని అందులో పెళ్ళిమాటల వాసన ఉంది. ‘దస్తఖత్ కరో’ అంటే పని త్వరగా అయిపోతుంది, అది సమ్మతి మాత్రం కాదు. వైద్యుడి ఇంగ్లీషు, సలహాదారు తెలుగు, రోగి దక్కనీ: ఈ మూడింటి నడుమ అర్థం ఎక్కడ జారిందో కాగితం మీది వేలిముద్ర చెప్పదు. విషయాన్ని ఏ భాషలో చదివి వినిపించారో, ఎవరు వినిపించారో రాసే గడి ఒకటి ప్రతి సమ్మతిపత్రంలోనూ ఉంటే, ఆ వేలిముద్ర దేనికి వేసినదో తరువాత ఎవరైనా అడిగి తెలుసుకోవచ్చు.