పేరు ఎవరి సొత్తు?

వ్యాకరణ పాఠంలో పంకజం అనే మాటను ఉదాహరణగా చెబుతాం. బురదలో పుట్టినది అని దాని అవయవార్థం. అయినా బురదలో పుట్టే నాచును ఎవరూ పంకజం అనరు. తామరకే ఆ పేరు నిలిచింది. నిలిపింది రాజూ కాదు, నిఘంటుకర్తా కాదు, మాట్లాడే జనం. రూఢి అంటే ఇదే. పేర్లు మార్చే కంపెనీలకు అంతుపట్టనిదీ ఇదే.

2006లో అమెరికాలో మొదలైన ట్విట్టర్‌నే చూద్దాం. ట్వీట్ అంటే పిట్ట కూత. అందులో పెట్టే చిన్న సందేశానికి ఆ పేరు చక్కగా అమరింది. విశేషమేమిటంటే, ఆ మాటను ముందుగా వాడింది కంపెనీ కాదు. బయటివాళ్ళు తయారుచేసిన ట్విటరిఫిక్ అనే సాధనంలో అది మొదట కనిపించింది. తర్వాత లోకమంతా అందుకుంది. కొత్త మాట పదేళ్ళయినా వాడుకలో ఉండాలన్న తన నియమాన్ని పక్కనపెట్టి, ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు 2013లో ఆ అర్థాన్ని చేర్చుకుంది. కోట్ల మంది ఊరికే చేసిపెట్టిన శ్రమ అది.

2022 అక్టోబరులో ఎలాన్ మస్క్ 4,400 కోట్ల డాలర్లకు ఆ కంపెనీని కొన్నాడు. 2023 జూలైలో పిట్టను తీసేసి ఎక్స్ అని పెట్టాడు. 1999లో అతను పెట్టిన ఆన్‌లైన్ బ్యాంకు పేరు కూడా ఎక్స్.కామే. బీజగణితంలో అది తెలియని రాశి. మా బళ్ళో తప్పు లెక్క పక్కన పెట్టే గుర్తు. డబ్బు చెల్లింపులతో సహా అన్ని పనులూ ఒకేచోట జరిగే వేదికను కడతాను, దానికి పాత పేరు చాలదు అని అతని వాదన. సరే, కాని పని మారకముందే పేరు మారింది.

ఇక భాషలో జరిగింది చూడండి. మంత్రిగారు ట్వీట్ చేశారు అని మన పత్రికలు రెండు ముక్కల్లో తేల్చేవి. ఇప్పుడు ఎక్స్ వేదికగా పోస్ట్ చేశారు అని రాస్తున్నాయి. క్రియ పోయి వేదిక మిగిలింది. ఎక్స్ నుంచి క్రియను పుట్టించడం ఏ భాషకు సాధ్యం?

1972 నుంచి జనం నోట నలిగిన ఎచ్.బి.ఓ. అనే మూడక్షరాలను దాని యాజమాన్యం 2023 మేలో తన ప్రసార సేవ పేరులోంచి కొట్టేసి, ఒట్టి మాక్స్ అన్నది. 2025 జూలైలో మళ్ళీ తగిలించుకుంది.

దీనికి తిరగేసిన కథ జిరాక్స్‌ది. తన పేరును క్రియగా వాడవద్దని ఆ కంపెనీ ప్రకటనలు వేసి మరీ బతిమాలింది. మన ఊళ్ళలో మాత్రం, లోపల ఏ కంపెనీ మిషను ఉన్నా, బోర్డు మీద ఉండేది జిరాక్సే.