భాగం – 9 : అనుకరణ నమూనాలు – మైన్‌క్రాఫ్ట్ ఆటలో అనుకోని అడవి మంటలు

విషయక్రమం
9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 ఆటలో మంట పుట్టే విధం
9.3 మంట వ్యాపించే నియమాలు
9.4 అడవి మంటల గణిత నమూనా
9.5 చింతపిక్కలతో ఒక అభ్యాసం
9.6 జగ్గయ్యపేట – నందిగామ మెట్ట ప్రాంతానికి అన్వయం
9.7 నమూనా పరిమితులు
9.8 సారాంశం
9.9 కీలక పదాలు
9.10 'మీ ప్రగతిని సమీక్షించుకోండి' – సమాధానాలు
9.11 నమూనా పరీక్ష ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• మైన్‌క్రాఫ్ట్ ఆటలో మంట ఎలా పుడుతుందో, ఎలా వ్యాపిస్తుందో వివరించగలుగుతారు.
• పొరుగు గడి నియమం, సంభావ్యత, సందిగ్ధ విలువ అనే భావనలను ఉదాహరణలతో చెప్పగలుగుతారు.
• మంటను ఆపడంలో ఖాళీ పట్టీ ప్రాముఖ్యాన్ని స్వయంగా నిరూపించి చూడగలుగుతారు.
• ఒక అనుకరణ నమూనా ఎంతవరకు నమ్మదగినదో అంచనా వేయగలుగుతారు.

9.1 పరిచయం

నిజ జీవితంలో చేసి చూడలేని ప్రయోగాలు కొన్ని ఉంటాయి. ఒక అడవికి నిప్పు పెట్టి, అది ఎంత దూరం పోతుందో కొలుద్దామని ఎవరూ అనుకోరు. అలాంటి సందర్భాల్లో అసలు వస్తువుకు బదులు దాని నమూనాను తయారుచేసి, దానిపై ప్రయోగం చేస్తాం. దీనినే అనుకరణ అంటారు.

అనుకరణ అనగానే పెద్ద ప్రయోగశాలలు గుర్తుకు వస్తాయి. కాని మీ ఇంట్లో పిల్లలు ఫోనులో ఆడుకునే ఆట కూడా ఒక అనుకరణ కావచ్చు. మైన్‌క్రాఫ్ట్ అటువంటిదే. స్వీడన్‌కు చెందిన మార్కుస్ పెర్సన్ దీనిని రూపొందించి 2009 మే నెలలో మొదటిసారి జనానికి అందించాడు. పూర్తి కూర్పు 2011 నవంబరు 18న వెలువడింది. 2014లో మైక్రోసాఫ్ట్ సంస్థ ఈ ఆటను తయారుచేసే మొజాంగ్ సంస్థను 250 కోట్ల డాలర్లకు కొన్నది. 2023 నాటికి 30 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయి.

ఈ ఆటలో గెలుపు ఓటములు ముఖ్యం కావు. ప్రపంచమంతా ఒక్కొక్క మీటరు కొలత గల ఘనాలతో ఏర్పడి ఉంటుంది. ఆడేవారు చెట్లు నరికి, రాయి తవ్వి, తమకు నచ్చిన ఇల్లు కట్టుకుంటారు. ఇలా వారాల తరబడి కట్టుకున్న ఇల్లు, దాని చుట్టూ ఉన్న అడవి ఒక చిన్న పొరపాటు వల్ల కాలిపోవడం ఈ ఆట ఆడేవారిలో చాలామందికి ఎదురైన అనుభవమే. ఆ పొరపాటు ఎక్కడ జరుగుతుంది? నిప్పు చిన్నదే అయినా నష్టం అంత పెద్దది ఎందుకవుతుంది? ఈ ప్రశ్నలకు దొరికే సమాధానం ఆటకే పరిమితం కాదు. వేసవిలో గడ్డివాము పక్కన బతికే ప్రతి కుటుంబానికీ అది పనికివస్తుంది.

9.2 ఆటలో మంట పుట్టే విధం

ఆటలో మంట ప్రధానంగా మూడు విధాలుగా పుడుతుంది.

(1) ఆడేవారు చెకుముకిరాయితో కావాలని వెలిగించడం.
(2) గాలివానలో పిడుగు పడటం. పిడుగుతో పాటు వాన కూడా ఉంటుంది కాబట్టి ఈ మంట సాధారణంగా ఎక్కువ దూరం పోదు.
(3) లావా, అంటే కరిగిన రాయి, దగ్గరగా ఉండటం.

అనుకోని ప్రమాదాలు ఎక్కువగా మూడో విధంగా జరుగుతాయి. ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక విద్యార్థి చెక్కతో ఇల్లు కట్టి, వెలుతురు కోసం రాతి పొయ్యిలో లావా పోశాడనుకోండి. లావా చుట్టూ రాయి ఉంది, చెక్కకు ఎక్కడా తగలలేదు. అయినా కాసేపటికి పైకప్పు అంటుకుంటుంది. ఎందుకంటే ఆట నియమం ప్రకారం లావా తన పైనున్న ఖాళీ గడుల్లో మంట పుట్టించగలదు. ఆ ఖాళీ గడిని ఆనుకొని కాలే వస్తువు ఉంటే చాలు. నిప్పు తగలకుండా చూసుకున్నానని అతను అనుకున్నాడు. వేడి ఎంత దూరం చేరుతుందో చూసుకోలేదు.

9.3 మంట వ్యాపించే నియమాలు

అడవి అంతటినీ ఒకేసారి చూసి నిర్ణయం తీసుకునే ఏర్పాటు ఆటలో లేదు. వెలుగుతున్న ప్రతి గడి సుమారు ఒకటిన్నర నుంచి రెండు సెకన్లకు ఒకసారి తన చుట్టుపక్కల గడులను మాత్రమే పరిశీలిస్తుంది. ఇందులో నాలుగు ముఖ్య నియమాలు ఉన్నాయి.

మొదటి నియమం – దూరం: మంట పక్కకు ఒక గడి, కిందికి ఒక గడి, పైకి నాలుగు గడుల వరకు పోగలదు. వేడిగాలి పైకి లేస్తుందన్న నిజాన్ని ఆట ఈ విధంగా అనుకరించింది.

రెండో నియమం – ఇంధనం: మంట చేరే ఖాళీ గడిని ఆనుకొని కాలే వస్తువు ఉండాలి. రాయి, మట్టి, ఇసుక, నీరు కాలవు.

మూడో నియమం – సంభావ్యత: ప్రతి వస్తువుకు అంటుకునే గుణాన్ని సూచించే ఒక అంకె ఉంటుంది. ఆట జావా కూర్పులో చెట్టు మానుకు ఇది 5, ఆకులకు 30, ఎండుగడ్డి మోపుకు 60. అంకె పెద్దదైన కొద్దీ తొందరగా అంటుకునే అవకాశం పెరుగుతుంది. మాను కంటే ఆకు, ఆకు కంటే ఎండుగడ్డి ప్రమాదకరమన్న సంగతి మన పల్లెల్లో ఎవరికీ కొత్త కాదు. ఆట దానిని అంకెల్లో చెప్పింది.

నాలుగో నియమం – తేమ: వాన మంటను ఆర్పుతుంది. తేమ ఎక్కువగా ఉండే దట్టమైన అడవుల్లో మంట వ్యాపించే అవకాశం తగ్గుతుంది.

ఈ నియమాలను కలిపి చూస్తే ఒక ఉపయోగకరమైన ఫలితం వస్తుంది. రెండు చెట్ల ఆకుల మధ్య రెండు గడుల ఖాళీ ఉన్నా మంట దాటగలదు. మొదటి ఖాళీ గడిలో మంట ఉంటుంది, రెండో గడి అవతలి చెట్టును ఆనుకొని ఉంటుంది. అదే మూడు గడుల ఖాళీ ఉంటే మంట పక్కకు దాటలేదు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
గమనిక: మీ సమాధానాలను 9.10లో ఇచ్చిన సమాధానాలతో సరిచూసుకోండి.
1. లావా చెక్కకు తగలకపోయినా ఇల్లు ఎందుకు అంటుకుంటుంది?
2. ఆటలో మంట ఏ దిశలో ఎక్కువ దూరం పోతుంది?

9.4 అడవి మంటల గణిత నమూనా

ప్రతి గడి తన పొరుగు గడులను మాత్రమే చూసి మారే ఇటువంటి ఏర్పాటును సెల్యులార్ ఆటోమాటా అంటారు. 1940లలో స్టానిస్లావ్ ఉలామ్, జాన్ వాన్ నాయ్‌మన్ ఈ భావనకు పునాది వేశారు. 1992లో బార్బరా డ్రాసెల్, ఫ్రాంజ్ ష్వాబుల్ అనే భౌతిక శాస్త్రజ్ఞులు దీనిని ఉపయోగించి అడవి మంటల నమూనాను ప్రకటించారు. దాని నియమాలు నాలుగే: కాలుతున్న గడి తరువాతి అంచెలో ఖాళీ అవుతుంది, పొరుగు గడి కాలుతుంటే చెట్టు అంటుకుంటుంది, పొరుగున మంట లేకపోయినా అరుదుగా పిడుగు వల్ల చెట్టు అంటుకోవచ్చు, ఖాళీ గడిలో కొంత సంభావ్యతతో మళ్లీ చెట్టు మొలుస్తుంది.

ఇక్కడ అసలు ప్రశ్న, చెట్లు ఎంత దట్టంగా ఉంటే మంట ఈ చివరి నుంచి ఆ చివరికి చేరుతుందన్నది. చెట్లు పెరిగిన కొద్దీ మంట కూడా అదే లెక్కన, కొంచెం కొంచెంగా పెరుగుతుందని మనకు తోస్తుంది. అది నిజం కాదు. చాలా పెద్ద చదరపు గళ్ల పట్టికలో, నాలుగు వైపుల పొరుగును మాత్రమే లెక్కలోకి తీసుకుంటే, సుమారు 59.3 శాతం గడులు నిండేవరకు మంట మధ్యలోనే ఆగిపోతుంది. ఆ హద్దు దాటగానే అడవి ఆ అంచు నుంచి ఈ అంచు వరకు ఒకే గొలుసుగా కలిసిపోతుంది, మంట అవతలి అంచుకు చేరుతుంది. ఇలా పరిస్థితి హఠాత్తుగా మారిపోయే హద్దును సందిగ్ధ విలువ అంటారు.

"నిరుడు కూడా ఇలాగే నిప్పు పెట్టాం, ఏమీ కాలేదు" అన్న మాట ఎందుకు ప్రమాదకరమో ఇప్పుడు మీకు అర్థమవుతుంది. నిప్పు నిరుటిదే కావచ్చు. ఎండుగడ్డి పరచుకున్న తీరు ఈ ఏడు హద్దు దాటి ఉండవచ్చు.

9.5 చింతపిక్కలతో ఒక అభ్యాసం

దీనికి కంప్యూటరు అవసరం లేదు. ఒక గళ్ల కాగితం మీద నిలువుకు 10, అడ్డానికి 10 చొప్పున 100 గడులు గీయండి. 1 నుంచి 100 వరకు గడులకు అంకెలు వేసి, అవే అంకెలతో చీటీలు రాసి కలపండి.

మొదటి ప్రయోగం: 40 చీటీలు తీసి, ఆ గడుల్లో చింతపిక్కలు పెట్టండి. ఎడమ వరుసలోని పిక్కలన్నీ అంటుకున్నాయనుకోండి. అంటుకున్న పిక్కకు పైన, కింద, ఎడమ, కుడి గడుల్లోని పిక్కలు అంటుకుంటాయి. కాలిన పిక్కను తీసేసి, ఆ గడిలో సున్నా చుట్టండి. చాలాసార్లు మంట కుడి అంచుకు చేరకుండానే ఆగిపోతుంది.

రెండో ప్రయోగం: ఈసారి 80 పిక్కలు పెట్టండి. దాదాపు ప్రతిసారీ మంట కుడి అంచుకు చేరుతుంది.

మూడో ప్రయోగం: 80 పిక్కల నుంచి ఎక్కడివక్కడ 8 పిక్కలు తీసేయండి. ఇంకా 72 మిగిలాయి, మంట చాలాసార్లు దాటిపోతుంది. ఇప్పుడు మళ్లీ 80 పిక్కలతో మొదలుపెట్టి, మధ్యలో ఒక నిలువు వరుసను పూర్తిగా ఖాళీ చేయండి. ఆ వరుసలో సగటున 8 పిక్కలే ఉంటాయి. కాని ఈసారి మంట ఒక్కసారి కూడా అవతలికి పోదు.

రెండు సందర్భాల్లోనూ తీసిన పిక్కలు ఇంచుమించు ఎనిమిదే, ఫలితం మాత్రం వేరు. మంటను నిర్ణయించేది ఇంధనం మొత్తం ఎంత అన్నది మాత్రమే కాదు, అది ఎక్కడా తెగకుండా ఉందా అన్నది కూడా. ఈ భాగంలో మీరు గుర్తుంచుకోవలసిన ముఖ్య విషయం ఇదే.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 2
3. సందిగ్ధ విలువ అంటే ఏమిటి?
4. మూడో ప్రయోగంలో 8 పిక్కలను వరుసగా తీసినప్పుడు మంట ఎందుకు ఆగింది?

9.6 జగ్గయ్యపేట – నందిగామ మెట్ట ప్రాంతానికి అన్వయం

జగ్గయ్యపేట, నందిగామలు పూర్వపు కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంలోనివి. 2022 ఏప్రిల్ 4 నుంచి ఇవి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాయి. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీరు అందే చోట వరి, మిగిలిన చోట్ల పత్తి, మిరప ఎక్కువగా పండిస్తారు. ఈ పంటలు చేతికి వచ్చాక పొలంలో పత్తి కట్టె, ఇంటి దగ్గర గడ్డివాము, కళ్లంలో ఎండుతున్న మిరపకాయలు మిగులుతాయి. గట్ల మీద గడ్డి అప్పటికే ఎండి ఉంటుంది. సరిగ్గా అదే సమయానికి ఎండలు ముదురుతాయి.

మన పట్టికను ఇప్పుడు ఈ నేల మీద పరిచి చూడండి. పొలంలో పత్తి కట్టె ఒక గడి. గట్టు మీది ఎండుగడ్డి రెండో గడి. డొంక పక్క ముళ్లకంప మూడోది. ఊరి చివరి గడ్డివాము నాలుగోది. వామును ఆనుకొని ఉన్న పశువుల పాక అయిదోది. ఎవరూ పాకకు నిప్పు పెట్టాలనుకోరు. పత్తి కట్టెకు మాత్రమే పెడతారు. మధ్యలో ఒక్క గడి కూడా ఖాళీగా లేకపోవడమే ప్రమాదం. తగలబెట్టడానికి ముందే గట్టు వెంబడి నాలుగు చాళ్లు దున్ని పచ్చిమట్టి పైకి తెస్తే, మూడో ప్రయోగంలో ఖాళీ చేసిన వరుస అక్కడ ఏర్పడుతుంది. కట్టెను తగలబెట్టకుండా ముక్కలు చేసి నేలలో కలిపితే మంట అవసరమే ఉండదు, నేలకు సేంద్రియ పదార్థం కూడా అందుతుంది.

కొండల్లో కూడా ఇదే సూత్రం. నందిగామకు ఆగ్నేయంగా, ఇబ్రహీంపట్నం వైపు కొండపల్లి రిజర్వు అడవి ఉంది. ఇటువంటి ఆకురాల్చే అడవుల్లో వేసవికి ముందే ఆకులు రాలి నేలంతా ఎండుటాకుల పరుపులా మారుతుంది. అటవీ సిబ్బంది అందులో ఫైర్‌లైన్లు తీస్తారు. అంటే కొంత వెడల్పున ఆకులు, గడ్డి తొలగించి నేలను శుభ్రం చేసిన బాటలు. మన దేశంలో అడవి మంటలు ఎక్కువగా మనుషుల వల్లనే పుడతాయి: ఆర్పకుండా పారేసిన బీడీ, కొత్త గడ్డి మొలవాలని పెట్టిన నిప్పు, పక్క పొలం నుంచి పాకిన మంట. రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం 1967 ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం ప్రకారం నేరం. డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వేక్షణ సంస్థ 2004 నుంచి ఉపగ్రహాల సాయంతో మంటలను గుర్తించి రాష్ట్రాల అటవీ శాఖలకు సమాచారం ఇస్తున్నది. కాని ఉపగ్రహం చూసేది మంట పుట్టిన తరువాతే. ఫైర్‌లైన్ అంతకు ముందే సిద్ధంగా ఉండాలి. ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వితే ఏం లాభం?

9.7 నమూనా పరిమితులు

ఏ నమూనా అయినా నిజాన్ని కొంతవరకే చూపుతుంది. మన ఆట నమూనాలో ముఖ్యంగా మూడు లోపాలు ఉన్నాయి.

(1) గాలి: ఆటలో మంటను గాలి నడిపించదు. నిజమైన మంటలో గాలికి ఎగిరిన నిప్పురవ్వ ఖాళీ పట్టీని దాటి అవతల పడగలదు. అందువల్ల దున్నిన చాళ్లు ఉన్నా గాలి వీచే రోజున నిప్పు పెట్టరాదు, పెట్టిన నిప్పు పూర్తిగా ఆరేవరకు మనిషి కాపలా ఉండాలి.

(2) కాలేది ఏమిటి: ఆటలో చెట్టంతా మాయమవుతుంది. ఆకురాల్చే అడవుల్లో మంట ఎక్కువగా నేల మీదనే పాకుతుంది. పెద్ద చెట్లు నిలబడే ఉంటాయి కాబట్టి నష్టం తక్కువే అనిపిస్తుంది. కాని మొలకలు, విత్తనాలు కాలిపోతాయి. ఆకుల కప్పు పోయిన మట్టిని తొలకరి వాన కడిగేస్తుంది. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్లపొణికి కలప ఈ కొండల్లోని చెట్ల నుంచే వస్తుంది. ఈ ఏడు మొలక కాలితే, ముందు తరం బొమ్మల కళాకారుడికి కర్ర కరవవుతుంది.

(3) వెనక్కి తిరిగే అవకాశం: ఆటలో మంట వ్యాప్తిని పూర్తిగా ఆపివేసే నియమం ఉంది. ముందే ప్రతి తీసి దాచుకుంటే, కాలిన ప్రపంచాన్ని తిరిగి తెచ్చుకోవచ్చు. గడ్డివాము కాలితే తొలకరి దాకా పశువులకు మేత ఉండదు. దానికి దాచుకున్న ప్రతి అంటూ ఏదీ లేదు.

9.8 సారాంశం

మైన్‌క్రాఫ్ట్ ఆటలో మంట దూరం, ఇంధనం, సంభావ్యత, తేమ అనే నాలుగు నియమాలపై నడుస్తుంది. ప్రతి గడి తన పొరుగును మాత్రమే చూసినా, ఇంధనం సందిగ్ధ విలువను దాటితే చిన్న నిప్పు పెద్ద మంటగా మారుతుంది. ఇంధనాన్ని అక్కడక్కడ తగ్గించడం కంటే ఒక వరుసలో తెంచడం మేలు. దున్నిన చాళ్లు, ఫైర్‌లైన్లు ఈ సూత్రం మీదనే పనిచేస్తాయి. అయితే గాలి, నేల, మేత వంటి విషయాలను ఆట చూపదు కాబట్టి నమూనా నుంచి నేర్చుకున్నదానికి స్థానిక అనుభవాన్ని జోడించుకోవాలి.

9.9 కీలక పదాలు

అనుకరణ: అసలు వస్తువుకు బదులు దాని నమూనాపై ప్రయోగం చేయడం.
సెల్యులార్ ఆటోమాటా: ప్రతి గడి పొరుగు గడుల స్థితిని బట్టి మారే నమూనా.
సందిగ్ధ విలువ: పరిస్థితి హఠాత్తుగా మారిపోయే హద్దు.
ఫైర్‌లైన్: మంటను ఆపడానికి కాలే పదార్థం తొలగించి ఉంచిన పట్టీ.

9.10 'మీ ప్రగతిని సమీక్షించుకోండి' – సమాధానాలు

1. లావా తన పైనున్న ఖాళీ గడుల్లో మంట పుట్టించగలదు. ఆ గడిని ఆనుకొని చెక్క ఉంటే అంటుకుంటుంది.
2. పైకి, నాలుగు గడుల వరకు.
3. మంట ఆగిపోయే స్థితి నుంచి అంతటా వ్యాపించే స్థితికి హఠాత్తుగా మారే హద్దు. పెద్ద చదరపు పట్టికలో ఇది సుమారు 59.3 శాతం.
4. ఇంధనం గొలుసు పూర్తిగా తెగింది. ఖాళీ వరుసకు ఒకవైపు ఉన్న ఏ పిక్కకూ రెండోవైపు పొరుగు లేదు.

9.11 నమూనా పరీక్ష ప్రశ్నలు

(అ) కింది ప్రశ్నలకు ఒక్కొక్క దానికి 30 వాక్యాల్లో సమాధానాలు రాయండి.
1. మైన్‌క్రాఫ్ట్ ఆటలో మంట వ్యాపించే నియమాలను వివరించి, నిజమైన అడవి మంటలతో పోల్చండి.
2. ఇంధనం తెగకుండా ఉండటమే పెద్ద మంటకు కారణమని ఉదాహరణలతో నిరూపించండి.

(ఆ) కింది ప్రశ్నలకు ఒక్కొక్క దానికి 10 వాక్యాల్లో సమాధానాలు రాయండి.
1. డ్రాసెల్–ష్వాబుల్ నమూనా నియమాలు ఏవి?
2. అనుకరణ నమూనాల పరిమితులను తెలపండి.

(ఇ) కృత్యం: మీ పొలం నుంచి మీ ఇంటి వరకు పటం గీయండి. వేసవిలో కాలే పదార్థం ఉన్న చోట్లను ఎరుపు రంగుతో నింపండి. ఎర్ర గడుల గొలుసు ఎక్కడ తెగుతుందో గుర్తించండి. ఎక్కడా తెగకపోతే, ఎక్కడ తెంచాలో మీ కుటుంబ సభ్యులతో చర్చించి రాయండి.