ఏనుగును గుర్తుపట్టు చిన్న కెమెరా

మన జిల్లాల యుత్తర భాగమున, నాగావళీ వంశధారా నదుల సీమలోని కొండపల్లెలయందు చేను కాచుకొనుట యిప్పుడు ప్రాణముతో కూడిన పనియైనది. ఒడిశా కొండలనుండి దిగివచ్చిన యేనుగుల మందలు కొన్నియేండ్లుగా కొమరాడ, జియ్యమ్మవలస, గరుగుబిల్లి, భామిని మొదలగు మండలముల పొలములలో సంచరించుచున్నవి. వరి, చెఱకు, అరటి, మొక్కజొన్న వానికి ప్రీతియైన మేత. చీకటిలో మందకు ఎదురుపడి ప్రాణములు కోల్పోయిన రైతులు గలరు. ఏనుగులకును క్షేమము లేదు. 2023వ సంవత్సరము మే నెల 12వ తేదీన పార్వతీపురం మన్యం జిల్లా భామిని మండలమునందలి కాట్రగడ గ్రామము చెంత, పొలములోని విద్యుత్తు ట్రాన్స్‌ఫార్మరు తగిలి నాలుగేనుగులు చనిపోయెను.

మంద వచ్చుచున్నదని కొంత ముందుగా తెలిసినచో చేలలో పండుకొన్నవారు ఇండ్లు చేరుదురు, అటవీశాఖవారికి కబురందును, విద్యుత్తు నాపుటకు వ్యవధి చిక్కును. అయితే రాత్రియెల్ల మేల్కొని కొండదారి నెవరు కాచెదరు? అగ్గిపెట్టె పాటి చిన్న కెమెరాకు ఈ పని నప్పగింపవచ్చునా యని యిప్పుడు పలుచోట్ల ప్రయత్నములు జరుగుచున్నవి. ఆ కెమెరా బొమ్మ తీయుటయే కాక, బొమ్మలోనున్నది ఏనుగో, ఎద్దో, మనిషియో తనలో తానే నిర్ణయించును. అది యెట్లు నిర్ణయించునో, ఆ నిర్ణయమును మన మెంతవఱకు నమ్మవచ్చునో విద్యార్థులకును వారి తల్లిదండ్రులకును తెలుపుటకై యీ వ్యాసము వ్రాయుచున్నాము.

మొదట కెమెరా చూపెట్టిదో తెలిసికొందము. దాని కన్నుపై పడిన వెలుగు చిన్నచిన్న గడులుగా విభజింపబడును. ఈ గడులనే పిక్సెళ్లందురు. ఒక్కొక్క గడికి వెలుగునుబట్టి యొక యంకె యేర్పడును. కటికచీకటికి 0, మిక్కిలి తెల్లని వెలుగునకు 255. చిన్న యంత్రములలో తఱచుగా వాడు బొమ్మ 96 గడుల వెడల్పును 96 గడుల యెత్తును గలది. అనగా మొత్తము 9,216 అంకెలు. ఎదుట నున్నది ఏనుగైనను గడ్డికుప్పయైనను, కెమెరాకు చిక్కునది ఈ యంకెల పట్టిక మాత్రమే.

ఈ పట్టికనుండి పేరు తీయు సాధనమునకు న్యూరల్ నెట్‌వర్క్ అని పేరు. దీనిని నాడీజాలమని పిలువవచ్చును. మెదడులోని నాడీకణములు పనిచేయు రీతిని లెక్కల రూపమున చెప్పవచ్చునని మెకల్లక్, పిట్స్ అను నిరువురు 1943లో అమెరికాలో ప్రకటించిరి. 1958లో రోజెన్‌బ్లాట్ అను శాస్త్రజ్ఞుడు పర్సెప్ట్రాన్ అను పద్ధతిని వెల్లడించెను. ఆతని యంత్రపు కంటిలో 20 వరుసలలో 20 చొప్పున 400 వెలుగుగ్రహించు బిళ్లలు మాత్రమే యుండెను. 1989లో లెకూన్ మొదలగువారు చేతివ్రాతతోనున్న తపాలా అంకెలను యంత్రముచేత చదివించిరి. 2012లో టొరంటో విశ్వవిద్యాలయమువారు నిర్మించిన అలెక్స్‌నెట్ అను నాడీజాలము వేయి తరగతుల బొమ్మలను వేఱుపఱచుటలో అంతకుముందు వానినన్నిటిని మించెను. అప్పటినుండి యీ విద్య శీఘ్రముగా వ్యాపించెను.

నాడీజాలము పనిచేయు విధము ఇట్టిది. మూడు గడుల వెడల్పును మూడు గడుల యెత్తును గల యొక చిన్న చట్రము నూహింపుడు. అందు తొమ్మిది గుణకములు గలవు. ఆ చట్రమును బొమ్మపై ఒక మూలనుండి రెండవ మూలవఱకు జరుపుచు, ప్రతిచోట క్రిందనున్న తొమ్మిది అంకెలను తొమ్మిది గుణకములచేత హెచ్చించి కూడవలెను. ఎడమప్రక్క గుణకములు ఋణసంఖ్యలును, కుడిప్రక్కవి ధనసంఖ్యలును అయినచో, నలుపు ముగిసి తెలుపు మొదలగుచోట మొత్తము పెద్దదగును. ఒకే రంగు గలచోట సున్నకు దగ్గరగా నుండును. ఇట్లు ఆ చట్రము అంచులను పట్టి చూపును. ఇట్టి చట్రములు పెక్కు గలవు. మొదటి పొర చట్రములు అంచులను, తరువాతి పొరవి వంపులను, ఆపై పొరవి చెవి, తొండము, కాలు వంటి ఆకారములను పట్టును. తుదిపొరయందు “ఏనుగు” అను పేరునకు ఇన్ని పాళ్లు, “పశువు” అను పేరునకు ఇన్ని పాళ్లు అని మార్కులు పడును.

మఱి ఆ గుణకములను నిర్ణయించువా రెవ్వరు? ఎవ్వరును కాదు, అవి నేర్పువలన ఏర్పడును. పేర్లు వ్రాసిన బొమ్మలను వేలకొలది యొక పెద్ద కంప్యూటరునకు చూపుదురు. అది తప్పు చెప్పినప్పుడెల్ల, ఆ తప్పు తగ్గునట్లు ప్రతి గుణకమును రవంత సవరింతురు. గురువు వ్రాసి యిచ్చిన యక్షరమును పలకపై దిద్దిదిద్ది బాలుడు చేయి కుదుర్చుకొనునట్లే, పెక్కుమాఱులు సవరించిన పిదప గుణకములు కుదురుకొనును. అటుపిమ్మట వానిని కెమెరాలోనికి ఎక్కింతురు. కెమెరా నేర్చినదానిని ప్రయోగించునే కాని సాధారణముగా క్రొత్తగా నేమియు నేర్వదు.

ఇచట నొక చిక్కు గలదు. అలెక్స్‌నెట్‌నందు సుమారు 6 కోట్ల గుణకములు గలవు. ఒక్కొక్కటికి నాలుగు బైట్ల చొప్పున 24 కోట్ల బైట్ల చోటు కావలెను. చిన్న కెమెరాలలో వాడు ఈఎస్‌పీ32 అను చిప్పులో పని చేసికొనుటకు గల చోటు 520 కిలోబైట్లు, అనగా కొంచె మెచ్చుతగ్గుగా 5 లక్షల బైట్లు మాత్రమే. ఏతాముతో తోడు నీటిని చెంబులో పట్టవలసి వచ్చినట్లు! దీనికి ముఖ్యముగా రెండుపాయములు చేసిరి.

మొదటిది గుణకారములను తగ్గించుట. ఒక పొరలోనికి 32 పటములు వచ్చి 64 పటములు వెలువడుననుకొందము. పాతపద్ధతిలో ప్రతి గడికిని 9×32×64, అనగా 18,432 గుణకారములు కావలెను. 2017లో గూగుల్ సంస్థ పరిశోధకులు ప్రకటించిన మొబైల్‌నెట్ పద్ధతిలో ఈ పనిని రెండుగా విడదీయుదురు. ముందు ఒక్కొక్క పటమును వేఱువేఱుగా చట్రముచేత వడియగట్టిన 288, తరువాత పటములను కలిపిన 2,048, మొత్తము 2,336. పని సుమారు ఎనిమిదవ వంతునకు దిగినది.

రెండవది సంఖ్యలను కుదించుట. నాలుగు బైట్ల దశాంశసంఖ్యకు బదులు ఒక్క బైటులో నిముడు పూర్ణసంఖ్యను వాడుదురు. వర్తకుడు పైసలు విడిచి రూపాయలలో చిట్టా వ్రాసినట్టిది. మొత్తములో కొద్ది తేడా వచ్చును గాని పుస్తకము నాలుగవ వంతున సరిపోవును. ఈ రెండుపాయములచేత, బొమ్మలో మనిషి యున్నాడా లేడా యని చెప్పు నాడీజాలమును సుమారు 250 కిలోబైట్లలో నిమిడ్చిరి. ఏనుగు కొఱకును మార్గ మిదియే.

కెమెరాయే నిర్ణయింపనేల, బొమ్మను పట్టణమునకు పంపరాదా యని కొందరడుగవచ్చును. కొండలలో ఫోను తరంగము లన్నిచోట్ల నందవు. తీసిన ప్రతి బొమ్మను పంపినచో బ్యాటరీ త్వరగా క్షీణించును. కావున కెమెరా నిదురించుచుండును. వెచ్చని ప్రాణి యేదేని కదలినప్పుడు వేడిని గ్రహించు సెన్సరు దానిని లేపును. అది బొమ్మ తీసి, లెక్క కట్టి, ఏనుగైననే కబురు పంపును. మఱియొక మేలు గూడ గలదు. వంటచెఱకునకు పోవు స్త్రీల బొమ్మ కెమెరాలో పడినను, అది యెవరికిని చేరకుండ లోపలనే తుడిచివేయునట్లు అమర్చుకొనవచ్చును. ఈ నియమమును ముందుగానే పల్లెవారితో కలిసి యేర్పఱచుట ధర్మము.

ఇది ఊహ మాత్రము కాదు. ట్రెయిల్‌గార్డ్ అను చిన్న కెమెరాను మధ్యప్రదేశమునందలి కాన్హా–పెంచ్ అడవుల నడుమ 2022లో నెలకొల్పి పులులను గుర్తించిరి. కబురు సుమారు అరనిమిషములో అధికారులకు చేరెను. మన పొరుగున ఒడిశాలోని సిమిలిపాల్ అడవిలో దొంగవేటగాండ్రను పట్టుటకు దీనినే వాడిరి. తమిళనాడులో కోయంబత్తూరు చెంతనున్న మదుక్కరై రైలుమార్గమున 2024లో ఏనుగుల కొఱకు స్తంభములపై కెమెరాల నమర్చిరి. అది పెద్ద యేర్పాటు.

అయినను దీనిని నమ్ముట యెంతవఱకు? లెక్క చూతము. కెమెరా ఒక రాత్రి పశువులు, కుక్కలు మొదలగువానివలన 200 మాఱులు మేల్కొనెననుకొందము. నూటికి రెండుమాఱులు మాత్రమే పొరబడినను, ఏనుగు రాకయే రాత్రికి నాలుగు కేకలు పుట్టును. పదిదినములలో నలువది. “నాన్నా పులి” కథ మనకందరకును తెలిసినదే. పదునొకండవ దినమున నిజముగా మంద వచ్చినప్పుడు లేచువా డుండడు. వెంటవెంట రెండు బొమ్మలలో ఏనుగు కనబడిననే కేకవేయుమని నియమించినచో పొరపాట్లు తగ్గును. కాని అదే నల్లని గేదె రెండుమాఱులును అదే తీరున నిలువబడినచో తప్పు మఱల తప్పే యగును.

పొరపాట్లు తగ్గవలెనని మార్కుల హద్దును మిక్కిలి పెంచినచో, నిజమైన యేనుగును గూడ కెమెరా విడిచిపెట్టును. వృథాకేక నిద్ర చెఱచును. విడిచిన కేక ప్రాణము తీయవచ్చును. ఈ రెంటి నడుమ హద్దు నెచట నుంచవలెనో చిప్పు చెప్పజాలదు. ఆ చేలలో బ్రతుకు రైతులును, అటవీశాఖవారును కూర్చుండి నిర్ణయింపవలసినది.

ఇంతకన్న ముఖ్యమైనది నేర్పు బొమ్మల విషయము. పగటివేళ వేఱుదేశపు మైదానములలో తీసిన యేనుగుల బొమ్మలతో నేర్చిన కెమెరా, మన జీడితోటలో, వానలో, బురదపూసుకొని, వెనుదిరిగి నిలిచిన యేనుగును గుర్తింపలేకపోవచ్చును. రాత్రివేళ కంటికి కనబడని యెఱ్ఱకావలి వెలుగుతో తీసిన బొమ్మలో రంగులే యుండవు. కావున మన కొండదారులలో, అన్ని ఋతువులలో, రాత్రియందును తీసిన బొమ్మలు కావలెను. ఏనుగుల బొమ్మలు మాత్రమే చాలవు. గేదెలు, బండలు, గడ్డికుప్పలు, తాటిమొద్దులు, మనుష్యులు ఉన్న బొమ్మలు గూడ అంతే యవసరము. ఏది ఏనుగు కాదో యెఱుగనిది ఏనుగు నెఱుగనేరదు.

విద్యార్థులారా! ఈ విద్య మీకు దూరమైనది కాదు. హెచ్చవేత, కూడిక, ఋణధనసంఖ్యలు, శాతములు ఎఱిగినవారు దీని మూలము నెఱుగగలరు. కాగితముపై గడులు గీసి, అంకెలు వేసి, తొమ్మిది గుణకముల చట్రమును జరిపి చూడుడు. అంచు ఎచట పట్టుబడునో మీకే తెలియును. ఊరిలో పశువులు, కుప్పలు, చెట్లు ఉన్న బొమ్మలు పగటివేళ తీసి, పేర్లు వ్రాసి భద్రపఱచుడు. ఏనుగు బొమ్మ కొఱకు మాత్రము దాని చెంతకు ఎన్నడును పోకుడు. ఆ పని అటవీశాఖవారిది, కొయ్యకు కట్టిన కెమెరాది. ఏనుగు వచ్చినదని కబురు వినినప్పుడు పెద్దలకు తెలిపి, ఇంటిలో నుండి, దానికి దారి విడుచుటయే మన పని.