వార్ ఫైలు కథ

పశ్చిమ ప్రకాశంలోని వెలిగండ్లలో ఇంటర్ పాసై ఒంగోలుకో హైదరాబాదుకో పైచదువులకు వెళ్ళిన పిల్లలకు స్కాలర్‌షిప్పు రావాలంటే దరఖాస్తు నెట్‌లో పెట్టాల్సిందే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ పని ఈపాస్ అనే సైటు చేసేది. 2001లో హైదరాబాదులో ఏర్పడిన సెంటర్ ఫర్ గుడ్ గవర్నెన్స్ దాన్ని తయారుచేసింది. రాష్ట్రం విడిపోయాక తెలంగాణలో అదే పేరుతో కొనసాగింది. ఆ సైటు చిరునామాలు గమనించినవాళ్ళకు కొన్ని పేజీల చివర ‘డాట్ డూ’ అన్న తోక కనిపిస్తుంది. స్ట్రట్స్ అనే చట్రం మీద కట్టిన జావా అప్లికేషన్ల అలవాటు అది. అలాంటి అప్లికేషన్లను ఇంజనీర్లు సర్వరు మీదికి ఎక్కించేది సాధారణంగా ఒకే ఒక్క ఫైలుగా చుట్టి. దాన్నే వార్ ఫైలు అంటారు. అప్లికేషన్ రాసిన ఇంజనీరు పేరు ఎప్పుడో ఒకసారి వినిపిస్తుంది గానీ, దాన్ని మోసిన ఈ ఫైలు సంగతి ఎవరూ చెప్పుకోరు.

1990ల మొదట్లో అడిగేదాన్నిబట్టి మారే పేజీలను వెబ్ సర్వర్లు సీజీఐ పద్ధతిలో ఇచ్చేవి. ఎవరైనా పేజీ అడిగిన ప్రతిసారీ సర్వరు ఒక ప్రోగ్రామును కొత్తగా లేపి, జవాబు రాయించుకుని, దాన్ని ఆపేసేది. పదిమంది అడిగితే ఫరవాలేదు. వేలమంది ఒకేసారి అడిగితే మాత్రం మెషీను శక్తంతా ప్రోగ్రాములను లేపడానికే సరిపోయేది. 1996 మే నెలలో జరిగిన మొదటి జావావన్ సభలో సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ దీనికి విరుగుడుగా సర్వరులో నడిచే జావా ప్రోగ్రాము సర్వ్‌లెట్‌ను ప్రకటించింది. తొలి నిబంధనల పత్రం సన్‌లో పనిచేసిన పావ్నీ దివాన్‌జీ రూపొందించారు. సర్వ్‌లెట్ ఒకసారి లేచాక మెమరీలోనే ఉండిపోతుంది. వచ్చిన ప్రతి అభ్యర్థననూ ఒక థ్రెడ్ చూసుకుంటుంది. డేటాబేసు కనెక్షన్లను కూడా ముందే తెరిచి ఉంచుకుని అందరికీ వంతులవారీగా వాడవచ్చు.

సర్వ్‌లెట్ రాయడం తేలికైనా, దాన్ని ఒక సర్వరు నుంచి మరో సర్వరుకు మార్చడం పెద్ద బాధగా ఉండేది. కోడు ఒకచోట, పేజీలు ఇంకోచోట, సెట్టింగులు ఆ సర్వరు సొంత ఫైళ్ళలో ఉండేవి. సర్వరు కంపెనీ మారితే అమరిక కూడా మారిపోయేది. 1999లో వచ్చిన సర్వ్‌లెట్ 2.2 నిబంధనలు ఈ గందరగోళాన్ని తేల్చేశాయి. వెబ్ అప్లికేషన్ ఫోల్డర్లు ఎలా ఉండాలో అందరికీ ఒకటే లెక్క పెట్టాయి. పైన పేజీలు, బొమ్మలు. లోపల వెబ్-ఇన్ఫ్ అనే ఫోల్డరు. అందులో క్లాసెస్‌లో మన కోడు, లిబ్‌లో మనం వాడుకున్న లైబ్రరీల జార్ ఫైళ్ళు, వెబ్ డాట్ ఎక్స్ఎంఎల్‌లో ఏ చిరునామాకు ఏ సర్వ్‌లెట్ జవాబివ్వాలన్న పట్టిక. ‘డాట్ డూ’తో ముగిసే చిరునామాలన్నీ స్ట్రట్స్‌కే పంపమని రాసేది ఈ పట్టికలోనే. వెబ్-ఇన్ఫ్‌లో ఉన్నదాన్ని బ్రౌజరు నేరుగా అడిగితే సర్వరు ఇవ్వకూడదని కూడా అప్పుడే నిబంధన పెట్టారు. ఆ ఒక్క వాక్యం ఎన్ని పాస్‌వర్డులను కాపాడిందో!

ఇదంతా కలిపి కట్టడానికి కొత్త పద్ధతేమీ కనిపెట్టలేదు. ఫిల్ కాట్జ్ 1989లో తెచ్చిన జిప్‌నే వాడుకున్నారు. ఏ వార్ ఫైలునైనా బైట్ల స్థాయిలో తెరిచి చూడండి, మొట్టమొదట కనిపించేవి కాట్జ్ పేరులోని పొడి అక్షరాలు, పీ, కే.

పశ్చిమ ప్రకాశం నుంచి పనులకు వలస పోయే కుటుంబం గిన్నెలు, బియ్యం, పచ్చడి జాడీ సర్దుకునే బయల్దేరుతుంది. మేస్త్రీ చూపించాల్సింది చోటు, నీళ్ళు, కరెంటు. వార్ ఫైలుకూ సర్వరుకూ కుదిరిన ఒప్పందం సరిగ్గా ఇదే. కావలసిన జార్‌లు అప్లికేషన్ తెచ్చుకుంటుంది. నెట్‌వర్కు, థ్రెడ్లు, లాగిన్ అయినవారి సెషన్లు సర్వరు చూసుకుంటుంది.

ఈ ఒప్పందాన్ని అమలుచేసి చూపించిన సర్వరు టామ్‌క్యాట్. సన్‌లో జేమ్స్ డంకన్ డేవిడ్సన్ దాన్ని మొదలుపెట్టారు. 1999లో సన్ ఆ కోడును అపాచీ ఫౌండేషన్‌కు ఇచ్చేసింది. టామ్‌క్యాట్‌ను బిల్డ్ చెయ్యడానికి అప్పటి మేక్ పనిముట్టుతో విసిగిపోయి డేవిడ్సనే యాంట్ అనే మరో పనిముట్టు రాసుకున్నారు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ప్రపంచంలో వార్ ఫైళ్ళెన్నో యాంట్ చేతుల్లోనే తయారయ్యాయి. స్ట్రట్స్‌కు ప్రాణం పోసిన క్రెయిగ్ మెక్‌క్లానహాన్, టామ్‌క్యాట్ 4లో వచ్చిన కాటలీనా ఇంజన్‌కూ రూపమిచ్చారు.

డబ్బు పెట్టక్కర్లేని ఈ సర్వరు తెలుగువాళ్ళకు చేసిన మేలు ఇంతా అంతా కాదు. కరువు మండలాల నుంచి అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల హాస్టళ్ళకు చేరి, కోర్ జావా అయ్యాక అడ్వాన్స్‌డ్ జావా బ్యాచిలో కూర్చున్న కుర్రాళ్ళు మొదట చూసింది 8080 పోర్టులో టామ్‌క్యాట్ పేజీయే. వెబ్‌యాప్స్ ఫోల్డరులో వార్ ఫైలు పడేస్తారు. సర్వరు దాన్ని గమనించి, తానే విప్పుకుని, నడిపించేస్తుంది. తన పేరుతో ఒక పేజీ బ్రౌజరులో తెరుచుకోవడం చూసిన క్షణం చాలామందికి ఉద్యోగం మీద మొదటి నమ్మకం. పెద్ద సర్వర్లయిన వెబ్‌లాజిక్, వెబ్‌స్పియర్ కూడా అక్కడే ఇంకో బోర్డు కింద నేర్పేవారు.

ఒకే సర్వరు మీద పది అప్లికేషన్లు ఉంటే, ఒకదాని పాత లైబ్రరీ ఇంకోదాని కొత్త లైబ్రరీతో కొట్లాడదా? జావాలో క్లాసులను మెమరీలోకి తెచ్చేది క్లాస్‌లోడరు. మామూలుగా అది ముందు పైవాడిని అడిగి, అక్కడ దొరక్కపోతేనే తన దగ్గర వెతుకుతుంది. టామ్‌క్యాట్ ఈ వరసను తిరగేసింది. జావా సొంత క్లాసులను మినహాయిస్తే, ప్రతి అప్లికేషన్ ముందు తన వెబ్-ఇన్ఫ్‌లోనే వెతుక్కుంటుంది. అందుకే వేర్వేరు ఏళ్ళలో, వేర్వేరు కంపెనీలు రాసిన పనులు ఒకే మెషీను మీద పక్కపక్కన బతకగలిగాయి.

దీనికొక ఖరీదు ఉంది. కొత్త వార్ పెట్టినప్పుడు పాత క్లాస్‌లోడరు చెత్తలోకి పోవాలి. ఒక్క థ్రెడ్ దాన్ని పట్టుకుని వదలకపోయినా, పాత అప్లికేషన్ క్లాసులన్నీ మెమరీలోనే వేలాడతాయి. ఇలా నాలుగైదుసార్లు డిప్లాయ్ చేసేసరికి క్లాసుల వివరాలు దాచే ‘పెర్మ్‌జెన్’ అనే మెమరీ భాగం నిండిపోయిందని సర్వరు కూలిపోయేది. 2014లో వచ్చిన జావా 8 ఆ పెర్మ్‌జెన్ భాగాన్నే తీసేసింది గానీ, క్లాస్‌లోడరును వదలని కోడు ఉంటే జబ్బు ఇప్పటికీ తిరగబెడుతుంది.

అంతకంటే పెద్ద జబ్బు 2021 డిసెంబరులో బయటపడింది. సర్వరులో జరిగేవాటిని లాగ్‌లో రాసిపెట్టే లాగ్‌ఫర్‌జే అనే లైబ్రరీలో లోపం ఉందని తేలింది. సర్వరు లాగ్‌లో పడేలా ఒక ప్రత్యేకమైన వాక్యం పంపితే చాలు, దూరం నుంచే ఆ మెషీను మీద తమ కోడు నడిపించుకోవచ్చు. తీవ్రతకు పదికి పది మార్కులు పడ్డాయి. మందు కొద్ది రోజుల్లోనే వచ్చింది. ఆ జార్ ఎక్కడెక్కడ ఉందో వెతకడమే కష్టమైంది. ఎవరి లైబ్రరీలు వాళ్ళు తెచ్చుకునే పద్ధతిలో అది తనను వాడే ప్రతి వార్ లిబ్‌లోనూ విడిగా ఉంటుంది. వార్‌లను కలిపి కట్టే ఇయర్ ఫైలు లోపలి వార్‌లో, వార్ లోపలి జార్‌లో కూడా దాక్కుంటుంది. ఏళ్ళ క్రితం కట్టిన వార్‌లో ఏముందో రాసిపెట్టుకోని సంస్థలు ఒక్కో ఫైలూ విప్పి చూసుకోవలసి వచ్చింది.

ఈలోగా లోకం తలకిందులైంది. 2014లో వచ్చిన స్ప్రింగ్ బూట్, టామ్‌క్యాట్‌నే అప్లికేషన్ జార్‌లో పెట్టేసింది. 2013లో వచ్చిన డాకర్, అప్లికేషన్ కింద ఉండే జావానూ ఇతర సరంజామానూ కూడా కలిపి కట్టింది. సర్వ్‌లెట్ వంటి నిబంధనలన్నీ ఉన్న జావా ఈఈ బాధ్యత ఒరాకిల్ నుంచి ఎక్లిప్స్ ఫౌండేషన్‌కు వెళ్ళాక, 2020లో జకార్తా ఈఈ 9తో కోడులోని ‘జావాఎక్స్’ ప్యాకేజీ పేర్లు ‘జకార్తా’గా మారాయి. ఫలితంగా పాత వార్ కొత్త టామ్‌క్యాట్ 10లో నేరుగా నడవదు. అలాంటివాటి కోసం టామ్‌క్యాట్‌లో వేరే ఫోల్డరు పెట్టారు. పాత వార్‌ను అందులో వేస్తే పేర్లు తానే మార్చుకుని నడుపుతుంది. పాతవాటిని చేయిపట్టి తెచ్చుకునే ఈ మర్యాద నాకు ఎంతో నచ్చింది.

వెలిగండ్లలో నెట్ సెంటరు బల్ల ముందు కూర్చున్న విద్యార్థికి ఈ చరిత్రతో పనిలేదు. సగం ఫారం నింపాక సర్వరు మీద వార్ మార్చేస్తే సెషన్ పోవచ్చు. అప్పుడు కులం, ఆదాయం వివరాలన్నీ మళ్ళీ మొదటినుంచి కొట్టాలి. ఈలోపు చివరి బస్సు వెళ్ళిపోతుంది. దీనికి మందు 2011లో స్థిరపడిన టామ్‌క్యాట్ 7లోనే ఉంది. ఒకే చిరునామాకు రెండు వెర్షన్లు పక్కపక్కన నిలబెట్టవచ్చు. అప్పటికే పనిలో ఉన్నవారు పాతదానిలోనే ముగిస్తారు, కొత్తగా వచ్చినవారు కొత్తదానిలోకి వెళ్తారు. వార్ ఫైలు పేరు చివర రెండు హ్యాష్ గుర్తులు, వెర్షన్ నంబరు పెడితే చాలు.

ప్రభుత్వ సైట్లు నడిపే ఇంజనీర్లకు నాదొక విన్నపం. ప్రతి వార్‌తో పాటు అందులో ఉన్న జార్‌ల జాబితా భద్రపరచండి. దరఖాస్తుల చివరి తేదీన డిప్లాయ్‌మెంట్ పెట్టుకోకండి. పెట్టక తప్పకపోతే, పాత వెర్షన్‌లో ఉన్న చివరి విద్యార్థి సబ్మిట్ నొక్కేదాకా దాన్ని ఆపకండి.